నడవా లైటు: స్విచ్ వెనక చిన్న రిలే

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతికి రాగానే మనం ముందు పిల్లల స్కూలు గురించి, అద్దె ఇంటి గురించి, సామాన్ల లారీ గురించి ఆలోచిస్తాం. ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల సంగతి రాత్రి పక్కమీద వాలాక గుర్తొస్తుంది. నాకు రాయ్‌పూర్ వేసినప్పుడు అదే జరిగింది.

మా అమ్మకు 78 ఏళ్లు. నాన్న కూడా మన బ్యాంకులోనే పనిచేశారు. 1986లో స్టాఫ్ హౌసింగ్ లోన్ తీసుకుని తెనాలిలో కట్టిన ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. రాయ్‌పూర్ రమ్మంటే, "అక్కడ నన్ను పలకరించేవాళ్లెవర్రా?" అంటుంది. కిందటి కార్తీక మాసంలో ఓ రాత్రి బాత్రూంకని లేచి, చీకట్లో నడవాలో వెళ్తూ కుర్చీ కాలు తట్టుకుని పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

తప్పు కుర్చీది కాదు, స్విచ్‌ది. అమ్మ గది నడవాకు ఒక చివర, బాత్రూం ఇంకో చివర. నడవా లైటు స్విచ్ బాత్రూం పక్కన ఉంది. అంటే చీకట్లో పన్నెండు అడుగులు నడిచి వెళ్తేగానీ లైటు వేసుకునే వీలు లేదు. 38 ఏళ్లు మేమందరం అలాగే నడిచాం, ఒక్కరికీ అది లోపమని తోచలేదు.

రాత్రంతా జీరో బల్బు వేసి ఉంచమన్నాను. పాత ఫిలమెంటు జీరో బల్బు పేరుకే జీరో, పది పదిహేను వాట్లు తాగేది. ఇప్పటి ఎల్‌ఈడీ అర వాటుతో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఖర్చు సమస్య కాదు. కానీ తలుపు తీసి పడుకునే అలవాటున్న అమ్మకు ఆ వెలుతురు కళ్లలో పడి నిద్ర పట్టడం లేదు. మూడో రోజే తీసేసింది.

తర్వాత నేను చేసిన పని స్మార్ట్ బల్బు కొనడం. చాలామంది మొదట చేసే పని ఇదే. బల్బు లోపలే వైఫై ఉంటుంది, ఫోన్‌తో వేయొచ్చు, ఆర్పొచ్చు. అయితే దానికి కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి, అంటే గోడమీది స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. అమ్మ పడుకునేముందు ఇల్లంతా తిరిగి అన్ని స్విచ్‌లూ కట్టేస్తుంది. ఆ ఒక్క స్విచ్ వదిలెయ్యమని రోజూ ఫోన్‌లో చెప్పాను. "సరేలే" అనేది. చెయ్యి మాత్రం తన అలవాటు ప్రకారం దాన్నీ కట్టేసేది. బల్బు ఎంత తెలివైనదైనా కరెంటు లేకపోతే గాజు బుడ్డే కదా. మాటలతో లైటు వేసే స్పీకరు కొంటానంటే, "అర్ధరాత్రి లేచి గోడతో మాట్లాడమంటావా?" అంది. ఆ ఆలోచనా అక్కడితో ఆగింది.

అప్పుడు మా బ్రాంచిలో ఏటీఎం యూపీఎస్ చూడడానికి వచ్చే ఇంజనీరు ఒక మాట అన్నాడు: "బల్బు మార్చకండి సార్, స్విచ్ వెనక రిలే పెట్టండి."

రిలే కొత్త వస్తువేం కాదు. చిన్న తీగచుట్ట, దాని ఎదురుగా ఒక ఇనుప రేకు. చుట్టలో కాస్త కరెంటు పారితే అది అయస్కాంతంలా మారి రేకును లాగుతుంది, రేకుకున్న కొన అవతలి తీగను తాకుతుంది. అంటే చిన్న కరెంటు పెద్ద కరెంటుకు స్విచ్‌గా పనిచేస్తుందన్నమాట. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1830లలోనే ఇలాంటివి చేసి చూపించాడు. ఆ తర్వాత టెలిగ్రాఫ్, టెలిఫోన్ ఎక్స్‌చేంజీలు వీటి మీదే నడిచాయి. మన ఇళ్లలోనూ ఇది ఎప్పటినుంచో ఉంది. వోల్టేజి హెచ్చుతగ్గులైనప్పుడు ఫ్రిజ్ స్టెబిలైజరు లోపల "టిక్" అంటుందే, అది రిలే చప్పుడే. ఇప్పుడు కొత్తగా జరిగిందల్లా, ఆ రిలేకు చవకైన వైఫై చిప్‌ను జతచేసి, అగ్గిపెట్టెకు కాస్త అటూ ఇటూ ఉండే డబ్బాలో పెట్టి అమ్మడం.

ఆ డబ్బా స్విచ్ బోర్డు లోపల కూర్చుంటుంది. గోడమీది స్విచ్ అలాగే ఉంటుంది. కాకపోతే అంతకుముందు లైటు కరెంటంతా ఆ స్విచ్ గుండా వెళ్లేది. ఇప్పుడు స్విచ్ రిలేకు కబురు మాత్రమే చెబుతుంది, లైటును వేసేది, ఆర్పేది రిలే. అదే కబురు ఫోన్ నుంచీ రావొచ్చు, మంచానికి అతికించిన చిన్న బటన్ నుంచీ రావొచ్చు. ఎవరు చెప్పినా వింటుంది. ఇంటర్నెట్ పోయినా, వైఫై పోయినా గోడమీది స్విచ్ పనిచేస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో నేను దీన్ని ఒప్పుకోవడానికి కారణం ఇదే. వాళ్ల చెయ్యి ఎక్కడికి అలవాటుపడిందో అక్కడ లైటు వెలగాలి. మిగతా హంగులన్నీ దాని తర్వాతే.

నేను ఎంచుకున్న రకానికి వైఫైతో పాటు 433 మెగాహెర్ట్జ్ రేడియో బటన్ కూడా ఉంది. పాత కారు తాళాలకుండే రిమోట్ లాంటిదే. ఆ బటన్‌కు ఇంటర్నెట్‌తో పనిలేదు, నేరుగా రిలేతో మాట్లాడుతుంది. రెండూ కలిపి నాకు 1,800 రూపాయలు అయింది.

సంక్రాంతికి సెలవు పెట్టి వెళ్లాను. నాన్న ఉన్నప్పటి నుంచీ మా ఇంటి పనులు చేసే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "టూవే స్విచ్ వేసుకుంటే పోయేది కద సార్, అమ్మగారి గదిలో ఒకటి, ఇక్కడొకటి" అన్నాడు. నిజమే. మెట్ల దగ్గర కిందా పైనా వేసుకునే లైటుకుండే ఏర్పాటు అది. చిప్ లేదు, యాప్ లేదు, ముప్ఫై ఏళ్లు పడుంటుంది. కానీ ఆ రెండు స్విచ్‌ల మధ్య కొత్తగా వైర్లు లాగాలంటే నడవా పొడుగునా గోడ చెక్కాలి, పూడ్చాలి, రంగు వేయాలి. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మాత్రం ఆయన మాటే వినండి. పడకగది నుంచి బాత్రూం దారి లైటుకు టూవే వేయించండి, దాని ముందు ఏ రిలే అయినా దిగదుడుపే.

బోర్డు విప్పితే అసలు చిక్కు బయటపడింది. అందులో న్యూట్రల్ లేదు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో పని ఆగేది ఇక్కడే. మన ఇళ్లలో కరెంటు ఫేజ్ వైరులో వచ్చి, లైటు గుండా వెళ్లి, న్యూట్రల్ వైరులో తిరిగి వెళ్తుంది. స్విచ్ అడ్డుపడేది ఫేజ్‌కే. కాబట్టి స్విచ్ దగ్గరకు వచ్చే ఫేజ్, లైటుకు వెళ్లే ఫేజ్, ఈ రెండు వైర్లుంటే దానికి చాలు. న్యూట్రల్ పైనుంచి నేరుగా లైటుకు పోతుంది. కానీ రిలే డబ్బాలో చిప్ ఉంది, అది 24 గంటలూ మేలుకుని ఉండాలి, దానికి సొంతంగా ఫేజ్, న్యూట్రల్ రెండూ కావాలి. మీ బోర్డులో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు: స్విచ్‌ల పక్కన ప్లగ్ సాకెట్ కూడా ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే, అది లేకుండా సాకెట్ పనిచేయదు. మా నడవా బోర్డులో ఉన్నవి రెండు పియానో స్విచ్‌లు మాత్రమే, సాకెట్ లేదు.

న్యూట్రల్ అక్కర్లేని రకాలూ దొరుకుతాయి. అవి లైటు గుండానే కాస్త కరెంటు పోనిస్తూ బతుకుతాయి. పాత ఫిలమెంటు బల్బుకు అది లెక్కలోకి రాదు గానీ, తక్కువ వాట్ల ఎల్‌ఈడీ ఆర్పినా మిణుకుమిణుకుమంటుంది. దానికి లైటు దగ్గర ఇంకో చిన్న పరికరం జతచేయాలి. నాకది నచ్చలేదు.

ఇక్కడ నేనొక తొందరపని చేశాను. ఆ గోడకు అవతలివైపు నేను వెళ్తే పడుకునే గది, అందులో ఏసీ పెట్టించినప్పుడు వైరింగ్ కొత్తగా వేయించాం. బోర్డుకు సరిగ్గా వెనకే ఒక సాకెట్ ఉంది. "గోడకు చిన్న కన్నం పెట్టి ఫేజ్, న్యూట్రల్ రెండూ అక్కణ్నుంచే తీసేద్దాం" అన్నాను. ఆయన రెండుసార్లు ఆలోచించాడు. నాకు మర్నాడు రైలుంది. "కానివ్వండి" అన్నాను. బిగించాం. స్విచ్ నొక్కగానే లైటు వెలగబోయి, టప్పుమని గదిలో కరెంటు పోయింది. మళ్లీ వేశాం, మళ్లీ పోయింది.

పడిపోయింది ఎంసీబీ కాదు, కొత్త వైరింగుకు పెట్టించిన ఆర్‌సీసీబీ. సాయంత్రం క్యాష్ కట్టేటప్పుడు మనం చేసే పనే అది ప్రతి క్షణం చేస్తుంది. ఫేజ్‌లో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదీ టాలీ కావాలి. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందని అనుమానించి, కన్ను మూసి తెరిచేలోగా లైను తెంచేస్తుంది. మేము చేసిందేమిటి? లైటుకు ఫేజ్ గది లైనునుంచి ఇచ్చాం. ఆ లైటు న్యూట్రల్ మాత్రం ఎప్పటిలా పాత నడవా లైనులోకి పోతోంది. 10 వాట్ల బల్బును 230 వోల్టులతో భాగిస్తే సుమారు 43 మిల్లీ ఆంపియర్లు. అంత కరెంటు ఒక ఖాతాలో డెబిట్ అయి ఇంకో ఖాతాలో క్రెడిట్ అవుతోంది. ఆర్‌సీసీబీ ఎందుకు ఊరుకుంటుంది?

ఎలక్ట్రీషియన్ చెప్పిన ఇంకో మాట విన్నాక నాకు చెమట పట్టింది. ఆ ఆర్‌సీసీబీ లేకపోతే లైటు చక్కగా వెలిగేది, మేం సంతోషంగా బోర్డు మూసేసేవాళ్లం. ఎప్పుడో ఎవరో నడవా లైటు బాగుచేయడానికి నడవా ఎంసీబీ కట్టేసి, కరెంటు లేదన్న ధీమాతో హోల్డరులో చెయ్యి పెట్టేవారు. అప్పుడు గది లైనునుంచి వచ్చే ఫేజ్ అక్కడ సిద్ధంగా ఉండేది. బ్యాంకులో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు పాస్ చేస్తారు. ఆ రోజు ఎంట్రీ నేనే వేశాను, పాస్ కూడా నేనే చేశాను.

రైలు టికెట్టు మర్నాటికి మార్చుకున్నాను. ఆయన పైన నడవా లైటు జంక్షన్ బాక్సు విప్పి, పాత పైపులోంచే స్ప్రింగు వేసి, అదే లైను తాలూకు న్యూట్రల్‌ను నల్ల వైరుతో బోర్డులోకి దింపాడు. అరగంట పని. ఫేజ్ పాతదే. గోడ కన్నం సిమెంటుతో పూడ్చాం. ఏ లైను ఫేజో ఆ లైను న్యూట్రలే, మీ ఇంటికి ఎవరు పనికి వచ్చినా ఇది అడిగి మరీ చూసుకోండి.

ఈ పని మీరు సొంతంగా చేయమని నేను చెప్పను. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, కానీ పక్కన నిలబడండి. మెయిన్ కట్టారో లేదో చూడండి. వైర్లు విప్పకముందే ఫోన్‌తో రెండు ఫోటోలు తీసి పెట్టుకోండి. పాత ఇళ్లలో వైరు రంగును నమ్మడానికి లేదు, మా బోర్డులో రెండూ ఎర్రవే. స్విచ్‌ను రిలేకు కలిపే సన్న వైర్లలో కూడా చాలా రకాల్లో ఇంటి వోల్టేజే ఉంటుంది, కబురు తీగలే కదా అని చేత్తో పట్టుకోకూడదు. మీ ఇంట్లో ఇంకా అల్యూమినియం వైర్లే ఉంటే ముందు వైరింగ్ మార్పించండి, రిలే సంగతి తర్వాత.

డబ్బా మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది. లైట్లకు, ఫ్యానుకు సరిపోతుంది. ఫ్యాను వేగం మాత్రం రెగ్యులేటరుకే వదిలెయ్యాలి. 2,000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది, లెక్క ప్రకారం ఇమిడినట్టే కనిపిస్తుంది. గాలాడని బోర్డులో గంటలకొద్దీ అంత కరెంటు పారితే డబ్బా వేడెక్కుతుంది, వద్దు. నీళ్ల మోటారు అసలే వద్దు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకు అయిదారు రెట్లు లాగుతుంది, రిలే కొనలు అతుక్కుపోతాయి. అతుక్కుంటే మీరు ఆపమన్నా ఆగదు, ట్యాంకు పొంగి వీధిలో పారుతుంది.

కరెంటు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక్కో డబ్బా ఊరికే ఉన్నా సుమారు ఒక వాటు తీసుకుంటుందనుకుందాం. ఏడాదికి 8.76 యూనిట్లు. ఇంటినిండా పది పెడితే 87 యూనిట్లు కేవలం వాటిని మేలుకొలిపి ఉంచడానికే. అందుకే నేను ఒక్కటే పెట్టాను.

బిగించాక వచ్చిన తంటాలు రెండు. యాప్‌లో కలపబోతే కలవలేదు, గంటసేపు తిప్పలు పడ్డాం. ఇవి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, నా ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. మార్చగానే కలిసింది. రౌటరు పాస్‌వర్డు కంపెనీ ఇచ్చినదే ఉందని అప్పుడే గమనించి మార్చాను. రోజూ ఖాతాదార్లకు పాస్‌వర్డుల గురించి చెప్పే మనమే ఇంట్లో ఇలా ఉంటాం. రెండోది, నేను రాయ్‌పూర్ చేరిన మూడో రోజు తెల్లవారుజామున తెనాలిలో కరెంటు పోయి వచ్చింది, నడవా లైటు దానంతటదే వెలిగింది. అమ్మ దొంగలనుకుంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు లైటు ఏ స్థితిలో ఉండాలో యాప్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని "ఆఫ్"కు మార్చడం నేను మరిచిపోయాను.

ఇంకో సంగతి నాకు ముందే తట్టాల్సింది. మన స్విచ్‌లు కిందికి నొక్కితే వెలుగు, పైకి లేపితే చీకటి. మంచం దగ్గర బటన్‌తో లైటు వేసి, బాత్రూం దగ్గర స్విచ్‌తో ఆర్పేసరికి ఆ లెక్క తారుమారైంది. "పైకుంటే వేసినట్టా, తీసినట్టా? ఏదో ఒకటి చెప్పు" అని అమ్మ నిలదీసింది. కొన్నాళ్లు చూసి, ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి ఆ ఒక్క స్విచ్ తీసేయించి కాలింగ్ బెల్లు స్విచ్ పెట్టించాను. నొక్కితే వెనక్కి వచ్చేస్తుంది, పైకీ కిందికీ అనే ప్రశ్నే ఉండదు. యాప్‌లో స్విచ్ రకం మార్చాలి, అంతే. "ఇది నొక్కితే వీధి గుమ్మంలో మోగదు కదా?" అని అడిగి మరీ నొక్కింది. బల్బు మార్చేటప్పుడు ఇక స్విచ్‌ను నమ్మడానికి లేదు, ఎక్కణ్నుంచైనా ఎవరైనా వేయొచ్చు. అందుకే బోర్డు మీద "బల్బు మార్చేముందు మెయిన్ కట్టాలి" అని కాగితం రాసి అంటించాం.

ఇంతవరకూ వైర్ల గొడవ. యాప్‌లో లైటు ఎప్పుడు వెలిగిందీ ఎప్పుడు ఆరిందీ వరసగా నమోదవుతుంది. నేను పొద్దున్నే టీ తాగుతూ చూసేవాణ్ని. లైటు వెలిగి, పది నిమిషాల్లో ఆరితే అమ్మ క్షేమంగా వెళ్లి వచ్చిందని అర్థం. మొదట్లో అది చూస్తే ప్రాణం కుదుటపడేది. ఒకరోజు చూస్తే 1:10, 2:25, 3:40, 4:50. వెంటనే ఫోన్ చేసి, "రాత్రి నాలుగుసార్లు లేచావేమిటమ్మా, సుగర్ టెస్టు చేయించుకున్నావా?" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

"నేనెన్నిసార్లు బాత్రూంకి వెళ్లానో అక్కడ కూర్చుని లెక్క రాస్తున్నావట్రా?" అంది. పెట్టేసింది. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

ఆ రెండు రోజులూ మా ఆవిడ నన్ను ఒకటే ప్రశ్న అడిగింది: బిగించేముందు ఈ సంగతి ఆవిడకు చెప్పారా? చెప్పలేదు. లైటు వెలుగుతుందని చెప్పాను, బటన్ చూపించాను, నాకు కనిపిస్తుందన్న మాట మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచలేదు. ఖాతాదారు అనుమతి లేకుండా స్టేట్‌మెంటు భార్యకైనా చూపించం మనం.

మూడో రోజు నేనే ఫోన్ చేసి, యాప్‌లోంచి ఆ రిలేను తీసేశానని చెప్పాను. నిజంగానే తీసేశాను. మంచం బటన్‌కు, గోడ స్విచ్‌కు వైఫైతో పనిలేదు కాబట్టి అమ్మకు ఏ తేడా రాలేదు. ఆమె ఏమీ అనలేదు. వారం తర్వాత మాటల్లో మాటగా, డాక్టరు దగ్గరకు వెళ్లివచ్చానని, రాత్రి వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువ తెచ్చేదట, దాన్ని పొద్దున్నకు మార్చాడని చెప్పింది. "ఇప్పుడు ఒక్కసారే లేస్తున్నా. కావాలంటే నన్నడుగు, చెప్తా" అంది.

ఇప్పుడు ఆ లైటు రాత్రి ఎన్నిసార్లు వెలిగిందో నాకు తెలియదు. పొద్దున్నే ఫోన్ చేసి నిద్ర పట్టిందా అని అడుగుతాను. కరెంటు పోతే ఏ రిలే పనికిరాదు కాబట్టి దిండు పక్కన టార్చి ఉంచుకోమని చెప్పాను, ఉంచుకుంటోంది. మొన్న ఆదివారం తనే ఫోన్ చేసింది. మంచం బటన్ నొక్కితే లైటు రాలేదట, లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయిందని తనే కనిపెట్టి, విప్పి, గడియారాల షాపుకు పంపించి కొత్తది వేయించిందట.

"నలభై రూపాయలు తీసుకున్నాడ్రా, ఎక్కువే కదూ?"